వాతావరణం ఎదురుతిరిగితే బోటు ప్రయాణం మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సరదాగా బోటు వేసుకుని నీళ్ల మీదికి వెళ్లేవాళ్ల కోసం ఇది. 5 నుంచి 10 మీటర్ల మోటారు బోట్లు, చిన్న తెరచాప పడవలు మా దృష్టిలో ఉన్నాయి. దూరాలు నాటికల్ మైళ్లలో (ఒకటి 1.852 కిలోమీటర్లు), వేగాలు నాట్లలో, అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లు అని ఇచ్చాం.

గాలి ఎంత ఉంటే బయల్దేరకూడదు?

అన్ని బోట్లకూ సరిపోయే అంకె ఒకటి ఉండదు. అయినా ఎక్కడో గీత గీయాలి కదా. 6 మీటర్ల లోపు తెరిచిన బోటు, నడిపేవాళ్లు కొత్తవాళ్లు అయితే 12 నాట్ల దగ్గరే ఆగిపోవడం మంచిది. చెయ్యి తిరిగినవాళ్లకైనా ఆ సైజు బోటుతో 16 దాటితే సరదా మిగలదు. 17 నుంచి 21 నాట్లంటే గాలి బలాన్ని స్థాయిలుగా చెప్పే బ్యూఫోర్ట్ కొలమానంలో 5వ స్థాయి, ఎటు చూసినా తెల్ల నురగలే కనిపిస్తాయి. 22 నుంచి 27 నాట్లు 6వ స్థాయి. అప్పుడు చిన్న బోటు రేవులో కట్టేసి ఉండాల్సిందే.

ఇక్కడ చాలామంది లెక్క తప్పేది ఒకచోటే. గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 నాట్ల గాలి 14 అయితే తోపు దాదాపు రెట్టింపు, 20 అయితే నాలుగింతలు. కాబట్టి "ఇంకో నాలుగు నాట్లేగా" అనుకోవడం చిన్న సంగతి కాదు.

వాతావరణ సూచనలో 15 నాట్లన్నారు, నీళ్ల మీద 21 కొడుతోంది. సూచన తప్పా?

తప్పు కాకపోవచ్చు. సూచనలో చెప్పేది సగటు గాలి. విసురు వచ్చినప్పుడు దానికి 40 శాతం దాకా కలిసే అవకాశం ఉంది: 15 కాస్తా 21 అవుతుంది. అందుకే బోటు తట్టుకునేది ఎంతో చూసేటప్పుడు సగటుతో కాకుండా విసురుతో పోల్చండి. సూచనలో విసురు విడిగా ఇస్తే ఆ అంకెనే పట్టుకోండి.

ఇంకో సంగతి. కొండల మధ్య ఉన్న జలాశయాల్లోనూ, సందు లాంటి జలమార్గాల్లోనూ గాలి ఇరుకులో దూరి వేగం పుంజుకుంటుంది. పెద్ద ప్రాంతానికి ఇచ్చే సూచనలో ఇది కనిపించదు.

కెరటాల ఎత్తు మీటరున్నరే అన్నారు. అదేమంత పెద్దది కాదు కదా?

ఎత్తు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లు అన్నదే అసలు ప్రశ్న. లోతైన నీటిలో 10 సెకన్లకు ఒకటి వచ్చే కెరటాల మధ్య దూరం సుమారు 156 మీటర్లు. మీటరున్నర ఎత్తున్నా బోటు ఉయ్యాల ఎక్కినట్టు మెల్లగా లేచి దిగుతుంది. అదే మీటరున్నర 4 సెకన్లకు ఒకటి చొప్పున వస్తే మధ్య దూరం 25 మీటర్లే. 6 మీటర్ల బోటు ఒక కెరటం నుంచి దిగి సర్దుకునేలోపే రెండోది ముఖాన కొడుతుంది.

పైగా సూచనలో ఇచ్చే ఎత్తు, వచ్చే కెరటాల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. మీటరున్నర అన్న రోజున అప్పుడప్పుడూ దాదాపు 3 మీటర్లది కూడా వస్తుందని లెక్కలో ఉంచుకోండి. గాలికి ప్రవాహం ఎదురొచ్చే చోట, అంటే గాలి ఇటు, నీరు అటు అయినచోట, ఇవే కెరటాలు పొట్టిగా, నిటారుగా మారతాయి. ఆటుపోట్లున్న చోట ప్రవాహం ఎన్ని గంటలకు తిరుగుతుందో చూసుకుని బయల్దేరే వేళ రెండు గంటలు జరిపితే చాలాసార్లు ప్రయాణం మానుకునే అవసరమే రాదు.

వెళ్లేటప్పుడు హాయిగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడే నరకం. ఎందుకలా?

గాలి వీపున ఉన్నంతసేపూ అది మనల్ని మోసం చేస్తుంది. గాలి 15 నాట్లు, మీరు దానితో పాటు 8 నాట్లతో పోతున్నారనుకోండి. ముఖానికి తగిలేది 7 నాట్లు, పిల్లగాలి. బోటు తిప్పగానే ఆ 8 కలిసి 23 అవుతుంది. మూడింతలకు పైగా పెరిగింది, తోపు పదింతలు దాటింది. గాలి మాత్రం ఒక్క నాటు కూడా మారలేదు.

దీనికి చేయాల్సింది సులువు: అరగంటకోసారి బోటు ఆపి, ముందు కొనను, అంటే అణియాన్ని, గాలికి ఎదురు తిప్పి రెండు నిమిషాలు చూడండి. ఆ తీరు నచ్చకపోతే అక్కడి నుంచే వెనక్కి. వీలున్నప్పుడు వెళ్లడం ఎదురుగాలికి, రావడం వెనుకగాలికి ఉండేలా దారి పెట్టుకోవడం ఇంకా మేలు.

ఎంత దూరం వెళ్లాక తిరిగిపోవాలో ముందే తేల్చుకోవచ్చా?

తేల్చుకోవాలి, అదీ ఒడ్డున, కాగితం మీద. నీళ్ల మీద, తోటివాళ్లు "ఇంకాస్త ముందుకెళ్దాం" అంటుండగా తీసుకునే నిర్ణయం ఎప్పుడూ మెతకగానే ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. గమ్యం 12 మైళ్లు. ప్రశాంతంగా ఉంటే 12 నాట్లతో గంట, ఇంధనం 20 లీటర్లు. తిరుగుదారిలో ఎదురు కెరటాలుంటే బోటు నీటి మీద తేలిపోవడం మానేసి నీటిని చీల్చుకుంటూ 5 నాట్లతో నడుస్తుంది. 12 మైళ్లకు 2 గంటల 24 నిమిషాలు. అలా నడిచేటప్పుడు మైలుకు తాగే ఇంధనం రెట్టింపు అవుతుందనే అనుకోండి: 40 లీటర్లు. మొత్తం 60. ట్యాంకులో 60 లీటర్లే ఉంటే రేవు కనిపించేసరికి ట్యాంకు ఖాళీ. 80 ఉంటే 20 మిగులుతుంది, ఇది పర్వాలేదు. ఇంత లెక్క వేసే ఓపిక లేకపోతే పాత పద్ధతి ఉంది: మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా. అయితే పై ఉదాహరణలో 60 లీటర్లకు ఆ పద్ధతి సరిగ్గా అంచు మీద నిలబడిందని గమనించండి.

ఇక వేళ. సాయంత్రం 6 గంటలకు చీకటి పడుతుందంటే, గంట చేతిలో ఉంచుకుని, 2 గంటల 24 నిమిషాలు తీసేస్తే 2:36. అంటే మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ఈ వేళను, దాటకూడని గాలి అంకెను చుక్కాని దగ్గర టేపు మీద రాసి అతికించండి. దారిలో తలదాచుకోదగ్గ రేవులు రెండు కూడా రాసుకోండి, వాటికి ఏ దిక్కు గాలి నుంచి మరుగు దొరుకుతుందో సహా.

సూచన ఎన్నిసార్లు చూడాలి?

మూడు రోజుల ముందు ఒకసారి, ముందురోజు రాత్రి ఒకసారి, బయల్దేరే గంటలో ఒకసారి. ఒక్కో అంకె కంటే అవి ఎటు జరుగుతున్నాయో చూడండి. ప్రతిసారీ గాలి నాలుగు నాట్లు పెరుగుతూ పోతుంటే, చివరి అంకె ఇంకా మీ హద్దులోనే ఉన్నా, ఆ ప్రయాణాన్ని పక్కన పెట్టండి. సూచనలు తయారుచేసే రెండు వేర్వేరు కంప్యూటర్ నమూనాలు రెండు రకాలుగా చెబుతుంటే గట్టిగా వీస్తుందన్నదాన్ని నమ్మి ఏర్పాట్లు చేసుకోవాలి.

ఎండ కాసే రోజుల్లో తీరం దగ్గర సముద్రపు గాలి పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నానికి బలపడి, పొద్దు గుంకేసరికి తగ్గుతుంది. అందుకే చాలా సందర్భాల్లో ప్రణాళిక మార్చడం అంటే రద్దు చేయడం కాదు. తెల్లవారుజామునే వెళ్లి పదకొండింటికల్లా రేవులో ఉండటం.

నీళ్ల మీద ఉండగా వాతావరణం చెడబోతోందని ఎలా పసిగట్టాలి?

మొదటిది బారోమీటర్, అంటే గాలి పీడనం కొలిచే పరికరం. అది 3 గంటల్లో 3 హెక్టోపాస్కల్స్‌కు మించి పడితే దారి మార్చే ఆలోచన మొదలుపెట్టండి. 6 దాటితే ఆలోచన అయిపోవాలి. ఉష్ణమండలంలో ఒక తిరకాసుంది: అక్కడ మామూలు రోజున కూడా పీడనం పొద్దున 10 ప్రాంతంలో ఎక్కువగా, మధ్యాహ్నం 4 ప్రాంతంలో తక్కువగా ఉంటుంది, తేడా రెండు మూడు హెక్టోపాస్కల్స్. కాబట్టి నిన్న ఇదే వేళకు ఎంతుందో చూసి పోల్చండి.

రెండోది మబ్బు. కాలీఫ్లవర్‌లా పైకి పొంగుతూ పోయే మబ్బు పైన చదునుగా పరుచుకుంటే ఉరుముల మబ్బు తయారైనట్టే. దాని ముందు అంచున నీళ్లకు దగ్గరగా నల్లటి అరుగులాంటి వరస కనిపిస్తే సమయం నిమిషాల్లోనే ఉంది. అప్పటిదాకా ఉన్న గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. తర్వాత చల్లగాలి వేరే దిక్కు నుంచి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. వాన ఆ తర్వాత వస్తుంది. గాలి ఆగగానే "హమ్మయ్య" అనుకుని తెరచాప విప్పేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

మధ్యలో వాతావరణం చెడింది. మొదట ఏం చేయాలి?

ఈ వరసలో చేయండి. ముందు అందరికీ లైఫ్ జాకెట్లు, తొడకింది పట్టీ కూడా బిగించి. గాలి నింపుకునే రకమైతే సిలిండరు మరతో బిగిసే ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. అది బోటు కుదుపులకు మెల్లగా వదులైపోతుంది, వదులైన సిలిండరుతో జాకెట్ ఉబ్బదు. తర్వాత ఇంజిన్ ఆపే తాడు (నడిపేవాళ్లు పడిపోతే ఊడొచ్చి ఇంజిన్‌ను ఆపేది) నడిపేవాళ్ల కాలికో నడుముకో తగిలించాలి.

తెరచాప పడవైతే చాప చిన్నది చేయడం ఇప్పుడే. "తగ్గిద్దామా" అనే ఆలోచన వచ్చిందంటే ఆ పనికి వేళ అయినట్టే. పది నిమిషాల తర్వాత అదే పని రెండింతల గాలిలో, తడి చేతులతో చేయాల్సి వస్తుంది.

కూలర్లు, సంచులు, పెట్టెలు కిందికి దించి కట్టేయండి. మనుషులు మధ్యలో, కింద కూర్చోవాలి. అడుగున చేరిన నీటిని వెంటనే తోడేయండి. ఆ నీరు బరువు కోసం కాదు, బోటు వాలిన వైపుకే పరుగెత్తి ఇంకా వాల్చుతుంది కాబట్టి ప్రమాదం. కిటికీలు, మూతలు బిగించండి. ఉన్న చోటును, వేళను రాసుకోండి. పొగమంచో జోరువానో కమ్మేశాక అది వెతుక్కోవడం కష్టం. ఇవన్నీ అయ్యాకే ఎటు వెళ్లాలన్న చర్చ.

దగ్గర్లో ఉన్న రేవుకు పరుగెత్తడమే మంచిదా?

ప్రతిసారీ కాదు. దగ్గరి రేవు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంటే అదే అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు కావచ్చు. అక్కడ ఇసుక మేట వేసి లోతు తగ్గుతుంది. నీటి లోతు కెరటం ఎత్తుకు 1.3 రెట్ల దాకా తగ్గేసరికి కెరటం విరిగిపడుతుంది. అంటే మీటరున్నర కెరటం 2 మీటర్ల లోతులో విరుగుతుంది. పోటు తగ్గి నీరు బయటికి లాగుతున్నప్పుడైతే ప్రవాహం కెరటానికి ఎదురుపడి దాన్ని మరింత నిటారుగా లేపుతుంది.

సముద్రం వైపు నుంచి చూసేవాళ్లకు ఇది కనిపించదు, ఎందుకంటే మనకు కనబడేది కెరటం వీపు. ఒడ్డు నుంచి చూస్తే తెల్లగా విరిగిపడే గోడ, బయటి నుంచి చూస్తే నున్నటి గుట్ట. కాబట్టి మొగ బయట లోతున్న చోట పది పదిహేను నిమిషాలు ఆగి, వరసలు లెక్కపెట్టండి. మధ్య దారిలో ఒక్కటైనా విరిగితే లోపలికి వెళ్లకండి. పోటు ఎక్కే వేళ దాకా బయటే ఆగడం, లేదా పది మైళ్లు ఎక్కువైనా లోతైన ద్వారం ఉన్న రేవుకు పోవడం మేలు. గాలి నేరుగా ఏ ఒడ్డు మీదికి తోస్తోందో ఆ ఒడ్డుకు దూరంగా ఉండండి. ఇంజిన్ ఆగిందంటే బోటు వెళ్లేది అటే.

పెద్ద కెరటాల్లో మోటారు బోటు ఎలా నడపాలి?

ఎదురు కెరటాలైతే వేగం తగ్గించి, ముక్కుసూటిగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీలు ఏటవాలుగా తీసుకోండి. ఎక్కేటప్పుడు కాస్త ఇంధనం ఇచ్చి, శిఖరం దగ్గర తగ్గించాలి. లేకపోతే బోటు గాల్లోకి లేచి దబ్బున పడుతుంది. వెళ్లాల్సిన వైపుకు పోతే కెరటాలు బోటు పక్కకు తగిలేలా ఉంటే నేరుగా పోకుండా వంకరటింకరగా, రెండు మూడు మలుపుల్లో వెళ్లండి.

వెనుక నుంచి వచ్చే కెరటాలే అసలు పరీక్ష. లోతులో కెరటం వేగం సుమారుగా సెకన్ల వ్యవధికి మూడింతలు: 5 సెకన్ల కెరటం 15 నాట్లతో పోతుంది. మీరు ముందున్న కెరటం వీపు మీదే ఉండి దాని వేగంతో పోవాలి. దాన్ని దాటి కిందికి జారితే అణియం నీళ్లలో గుచ్చుకుని, వెనుక భాగం, అంటే అమరం, పక్కకు తిరిగిపోతుంది. అప్పుడు బోటు కెరటానికి అడ్డం పడి బోల్తా కొడుతుంది. బరువు ముందు వైపు పెట్టకండి, ఇంజిన్ వంపుతో అణియం కొంచెం పైకి లేచేలా ఉంచండి. ఎదురు కెరటాల్లో దీనికి సరిగ్గా తలకిందులు.

వెనక్కి తిరగాల్సి వస్తే తొందరపడకండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్ద గుంపు పోయాక కాస్త చదును దొరుకుతుంది. చివరి పెద్దదాని వీపు మీద చుక్కాని పూర్తిగా తిప్పి, ఇంజిన్‌కు ఒక్కసారి గట్టిగా శక్తినిచ్చి తిరిగిపోండి.

సరిగ్గా గాలి పెరిగినప్పుడే ఇంజిన్ ఎందుకు ఆగిపోతుంది?

దురదృష్టం కాదు, మడ్డి. ట్యాంకు అడుగున నెలల తరబడి పేరుకున్న బురద, నీరు మామూలు రోజుల్లో కదలవు. బోటు కుదుపులకు అవి లేచి ఫిల్టరుకు అడ్డం పడతాయి. ముందు ఇంజిన్ వేగం దానంతటదే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, తర్వాత దగ్గుతుంది, తర్వాత ఆగుతుంది. ఆ మొదటి ఊగిసలాట వినగానే బయటి నీళ్ల వైపు జరగడం మొదలుపెట్టండి.

ఆగితే ముందు లంగరు వేయండి, ఆ తర్వాతే ఇంజిన్ మూత తెరవండి. డీజిల్ ఇంజిన్ అయితే: ఇంధన కుళాయి కట్టేసి, ఫిల్టరు కింది గాజు గిన్నెలో చేరిన నీరు వదిలి, కొత్త ఫిల్టరు వేసి, రబ్బరు రింగు మెలిక పడకుండా చూసి, శుభ్రమైన డీజిల్‌తో నింపండి. కుళాయి తెరిచి, గాలి వదిలే మర కొంచెం సడలించి, చేతి పంపు కొడుతూ ఉంటే మొదట బుడగలు వస్తాయి. బుడగల్లేని డీజిల్ వచ్చాక మర బిగించాలి. రెండు ఫిల్టర్లు అదనంగా ఉంచుకోండి, ఎందుకంటే లేచిన మడ్డి మొదటిదాన్ని కూడా గంటలో పూడ్చేయొచ్చు. ఈ పని ఒకసారి రేవులో, బోటు కదలకుండా ఉన్నప్పుడు చేసి చూడండి.

పెట్రోలు అవుట్‌బోర్డు (బోటు వెనుక బయట తగిలించే ఇంజిన్) అయితే ట్యాంకు మూత మీది గాలి రంధ్రం తెరిచుందా, పైపు మీది రబ్బరు బుడ్డ నొక్కితే గట్టిపడుతోందా అని మొదట చూడండి. ఇంజిన్ లోపలి గదిలో ఉండే పెట్రోలు బోట్లలో మళ్లీ స్టార్ట్ చేసే ముందు గాలి తోడే ఫ్యాను కనీసం 4 నిమిషాలు తిప్పాలి. ఆవిరి చేరి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

లంగరు వేసి ఆగిపోవచ్చా?

మరుగున్న చోట వేయొచ్చు. జారిపోయే లంగర్లలో ఎక్కువ వాటికి కారణం తాడు చాలకపోవడమే. నీటి లోతు 4 మీటర్లు, పోటుకు ఇంకో మీటరు, నీటి మట్టం నుంచి అణియం ఎత్తు ఒక మీటరు, మొత్తం 6. తాడుకు దీన్ని 7తో హెచ్చించాలి: 42 మీటర్లు. గాలి గట్టిగా ఉంటే 10తో: 60 మీటర్లు. మొత్తం గొలుసే అయితే మామూలుగా 5 రెట్లు చాలు. కట్టేది ఎప్పుడూ అణియానికే. అమరానికి కడితే కెరటాలు వెనుక నుంచి ఎక్కి బోటును నింపేస్తాయి. వేశాక ఒడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు గుర్తులు, చెట్టు, స్తంభం లాంటివి, పెట్టుకోండి. అవి ఒకదాని నుంచి ఒకటి విడిపోతూ పోతుంటే లంగరు జారుతోంది.

పిడుగులు పడుతుంటే?

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్లంటే 10 కిలోమీటర్లు, అప్పటికే మీరు దాని పరిధిలో ఉన్నారు. చేతులు నీళ్లలో పెట్టకండి, నిలబెట్టిన గాలం కర్రలు బోటులో పడుకోబెట్టండి, స్తంభం, యాంటెన్నా, లోహపు కడ్డీలకు దూరంగా కిందికి కూర్చోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

పొగమంచు కమ్మితే?

వేగం తగ్గించి, దీపాలు వేసి, 2 నిమిషాలకు మించకుండా ఒకసారి హారన్ 4 నుంచి 6 సెకన్లు మోగించండి. పెద్ద ఓడల దారిలోంచి పక్కకు, లోతు తక్కువున్న వైపుకు జరగండి. మధ్యమధ్య ఇంజిన్ ఆపి చెవులు పెట్టండి.

ఒకరికి వాంతులు మొదలయ్యాయి. అందుకోసం ప్రయాణం మార్చాలా?

అతను బోటు నడపగల రెండో మనిషైతే, వెంటనే. వాంతులైనవాళ్లు వేరే ఎవరైనా అయితే మధ్యలో, గాలి తగిలేలా కూర్చోబెట్టి దిగంతం వైపు చూడమనండి, నీళ్లు గుక్కెడు గుక్కెడుగా ఇవ్వండి. వాంతికి బకెట్ ఇవ్వండి. అంచు మీద నుంచి వంగనివ్వకండి, నీళ్లలో పడేవాళ్లు అలాగే పడతారు. చల్లటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో పెట్టుకోవడానికే సరిపోతుంది, తర్వాత ఓ 10 నిమిషాలే చేతులు చెప్పినట్టు వింటాయి. మాత్రలు వాంతి మొదలయ్యాక పనిచేయవు, ముందే వేసుకోవాలి. మత్తు వస్తుందో లేదో ఇంట్లో ఉన్న రోజున చూసుకోవాలి, డాక్టరును అడిగి.

ప్లాన్ మారిందని ఎవరికి చెప్పాలి?

ఒడ్డున మీ వివరాలు ఉంచుకున్న మనిషికి: ఎక్కడికి మళ్లారు, ఎప్పటికి చేరతారు, తర్వాత ఎప్పుడు మాట్లాడతారు. చెప్పకుండా వేరే రేవులో హాయిగా పడుకుంటే, మీ కోసం చీకట్లో ఇంకెవరో అదే గాలిలో వెతకడానికి బయల్దేరాల్సి వస్తుంది.

ప్రాణాపాయం లేకపోయినా పరిస్థితి చెయ్యి దాటుతుందనిపిస్తే సముద్రంలో వీహెచ్ఎఫ్ రేడియో (బోట్లలో మాట్లాడుకోవడానికి వాడే రేడియో) 16వ ఛానల్‌లో "పాన్ పాన్" అని మూడుసార్లు పలికి, బోటు పేరు, ఉన్న చోటు, ఇబ్బంది, ఎంతమంది ఉన్నారు చెప్పండి. ప్రాణం మీదికొస్తే "మేడే". పాన్ పాన్ అనడానికి మొహమాటపడి, చివరికి మేడే అనాల్సిన దాకా తెచ్చుకోవద్దు.

మిగతావాళ్లు వెళ్దామంటున్నారు, ఒకరు మాత్రం వద్దంటున్నారు. ఏం చేయాలి?

వద్దన్నవారి మాటే చెల్లాలి. కారణం చెప్పమని నిలదీయకూడదు. ఓటింగ్ వద్దు. బయల్దేరే ముందే ఈ పద్ధతి అందరికీ చెప్పి ఉంచితే అప్పటికప్పుడు ఎవరి ముఖమూ చిన్నబోదు. తిరుగు ప్రయాణం టికెట్లు, మర్నాటి ఆఫీసు ఉన్నాయంటే ఒక రోజు అదనంగా పెట్టుకోండి. అదనపు రోజు లేని కార్యక్రమమే మనుషుల్ని గాలిలోకి తోస్తుంది. అద్దె బోటైతే వాతావరణం వల్ల మానుకుంటే, లేదా వేరే రేవులో దించితే ఏమవుతుందో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

గాలి తగ్గిపోయింది. ఇక బయల్దేరవచ్చా?

గాలి తగ్గిన వెంటనే కెరటాలు తగ్గవు. చిన్న జలాశయంలో గంటా రెండు గంటల్లో నీరు సర్దుకుంటుంది. బయటి సముద్రంలో ఒక పూట, ఒక్కోసారి రోజు కూడా పట్టొచ్చు. గాలి దిక్కు మారి తగ్గితే పాత కెరటం ఒకవైపు నుంచి, కొత్తది ఇంకోవైపు నుంచి వచ్చి నీరు గజిబిజిగా ఉంటుంది, ఎత్తు తక్కువైనా నడపడం కష్టం. ఈలోపు ఫిల్టరు గిన్నెలో నీరు చేరిందేమో చూడండి, అడుగు నీరు తోడేయండి, లంగరు తాడు రాపిడి తిన్న చోట తడిమి చూడండి, ఇంధనం మళ్లీ కొలవండి. తర్వాత రేవు గోడ చివరిదాకా నడిచివెళ్లి, మొగ దగ్గర కెరటాలు ఇంకా విరుగుతున్నాయో లేదో పావుగంట నిలబడి చూసి రండి.